అరెస్టుకు, సోదాకు చట్టం కోరే ఆధారం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేయడానికి గాని, ఒక ఇంటినో వాహనాన్నో సోదా చేయడానికి గాని ముందు వారి దగ్గర ఎలాంటి కారణం, ఎంత సమాచారం ఉండాలో చట్టం నిర్ణయించింది. భారతీయ చట్టాల్లో ఈ ప్రమాణం ప్రధానంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది: విశ్వసనీయ సమాచారం, సహేతుకమైన అనుమానం, నమ్మడానికి తగిన కారణం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సాధారణ నేరాలకు ఈ ప్రమాణాన్ని చెబుతుంది. అంతకుముందు ఆ స్థానంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఉండేది. మాదకద్రవ్యాలు, మద్యం, నిత్యావసర సరుకులు, మోటారు వాహనాల చట్టాల్లో వేరే నిబంధనలున్నాయి.

సోదా ఇంట్లోనా, సొంత కారులోనా, ఆర్టీసీ బస్సులోనా, మనిషి ఒంటిమీదా అన్నదాన్ని బట్టి ప్రమాణం మారుతుంది. చాలాచోట్ల మారనిది ఒకటి: అధికారి తన కారణాన్ని కాగితం మీద పెట్టాలి. వారంటు లేకుండా జరిగే అరెస్టులు, సోదాలే ఎక్కువ కాబట్టి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి చేయాల్సిన పనిని చాలావరకు ఈ రాతే చేస్తుంది. న్యాయస్థానాల్లో కేసు నిలిచేదీ వీగేదీ కూడా తరచు ఈ రాత మీదే.

ప్రాంతం

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో భాగమైన సూర్యాపేట, కోదాడ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉంది. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. ఖమ్మం నుంచి వచ్చే రహదారి సూర్యాపేట దగ్గర దానిలో కలుస్తుంది. కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు తెలంగాణ వైపు ఆఖరి తనిఖీ స్థలం. అవతల జగ్గయ్యపేట మండలంలో గరికపాడు ఆంధ్రప్రదేశ్ చెక్‌పోస్టు. నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి మిర్యాలగూడ మీదుగా వెళ్లి, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి దగ్గర పల్నాడులోకి దిగుతుంది.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మన్యం నుంచి హైదరాబాద్ వైపు సాగే గంజాయి, రెండు రాష్ట్రాల ధరల తేడాతో సరిహద్దు దాటే మద్యం, మిల్లుల పట్టణమైన మిర్యాలగూడ చుట్టూ తిరిగే రేషన్ బియ్యం, ఎన్నికల కాలంలో నగదు ఈ దారుల్లో పోలీసు తనిఖీలకు ముఖ్య కారణాలు. అందుచేత ఇక్కడి సోదాల్లో పెద్ద భాగం రోడ్డు మీద, అదీ రాత్రిపూట జరుగుతుంది.

చరిత్ర

నిజాం పాలన చివరి సంవత్సరాల్లో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాలు తెలంగాణ సాయుధ పోరాటానికి (1946–51) కేంద్రాలు. రజాకార్ల దాడుల కాలంలోనూ, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత యూనియన్ సైన్యం వచ్చిన కాలంలోనూ ఊళ్లను చుట్టుముట్టి గాలించడం, కారణం చెప్పకుండా క్యాంపులకు తరలించడం ఇక్కడి జనానికి అనుభవమే. పోరాట కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్ష విధించిన వారి పిటిషన్లు 1950–51లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. రాజ్యాంగం అమల్లోకి రాకముందే అంతిమంగా ముగిసిన కేసుల్లో జోక్యం కుదరదని కోర్టు చెప్పింది. ఆ శిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి.

1950 జనవరి 26న రాజ్యాంగం, 1951 ఏప్రిల్ 1న 1898 నాటి అఖిల భారత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించాయి. అరెస్టయిన వ్యక్తికి కారణాలు తెలపాలని, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించనివ్వాలని రాజ్యాంగం 22(1) అధికరణం చెబుతుంది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది 22(2). వ్యక్తిగత స్వేచ్ఛకు 21వ అధికరణం పునాది. సోదాల గురించి మాత్రం రాజ్యాంగం విడిగా ఏమీ చెప్పలేదు. ఈ ఖాళీని ఆధారం చేసుకుని 1954లో ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు, అక్రమ సోదాల నుంచి రక్షించే అమెరికా నాలుగో సవరణ వంటి హక్కును మన రాజ్యాంగంలోకి చదవలేమని తేల్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, గోప్యతకు రాజ్యాంగ రక్షణ లేదన్న మేరకు ఆ పాత అభిప్రాయాన్ని తోసిపుచ్చింది.

ఈ రెండు తీర్పుల మధ్య తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు ఉంది. స్టాంపు సుంకం ఎగవేతలు పట్టుకోవడానికి ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించింది. కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చన్నది ఆ సవరణ. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ వర్సెస్ కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. తనిఖీకి ముందు సహేతుకమైన ఆధారం ఉండాలన్న షరతు గాని, అధికారం ఎవరికివ్వాలన్న హద్దు గాని ఆ సెక్షన్‌లో లేకపోవడమే దాని లోపం. సోదా అధికారానికి కారణమనే గడప ఉండి తీరాలని చెప్పిన ముఖ్య తీర్పుల్లో ఇదొకటి.

అనుమానానికి, నమ్మకానికి మధ్య

చట్టం దృష్టిలో ఉత్త అనుమానం అరెస్టుకు గాని సోదాకు గాని చాలదు. సహేతుకమైన అనుమానమంటే చెప్పగలిగిన వాస్తవాల మీద నిలిచేది. చోరీ జరిగిన వీధిలో అర్ధరాత్రి తాళాలు పగలగొట్టే పనిముట్లతో తిరగడం అలాంటి వాస్తవం. ఫలానా కులం, ఫలానా తండా, పాత కేసుల్లో పేరుండటం వాటంతట అవే అలాంటివి కావు. నమ్మడానికి తగిన కారణం ఇంకో మెట్టు పైది. తగినంత హేతువు ఉంటేనే నమ్మకానికి కారణం ఉన్నట్టు, లేకుంటే లేనట్టు అని భారత శిక్షాస్మృతి 26వ సెక్షన్ నిర్వచించింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నిర్వచనం కొనసాగుతోంది. నేరం రుజువు కావడానికి కావలసిన ఆధారం వీటన్నిటికంటే చాలా ఎక్కువ. కాబట్టి కేసు చివరకు వీగిపోయినంత మాత్రాన అరెస్టు అక్రమమైపోదు. నేరం రుజువైనంత మాత్రాన ముందు జరిగిన అరెస్టు సక్రమమూ అయిపోదు. అరెస్టు చేసిన క్షణంలో అధికారికి ఏం తెలుసన్నదే కొలమానం.

అరెస్టు ప్రమాణం

బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ వారంటు లేని అరెస్టులను నియంత్రిస్తుంది. పాత కోడ్‌లో ఇది 41వ సెక్షన్. ఇందులో మూడు పరిస్థితులు ముఖ్యం.

మొదటిది, పోలీసు కళ్లెదుటే కాగ్నిజబుల్ (వారంటు లేకుండా అరెస్టు చేయదగిన) నేరం జరగడం. ఇక్కడ వేరే ఆధారం అక్కర్లేదు.

రెండోది, 7 ఏళ్లు లేదా అంతకు తక్కువ శిక్ష పడే నేరం. సహేతుకమైన ఫిర్యాదు, విశ్వసనీయ సమాచారం, సహేతుకమైన అనుమానం వీటిలో ఏదో ఒకటి ఉండాలి. దాని ఆధారంగా ఆ వ్యక్తే నేరం చేశాడని అధికారి నమ్మాలి. అంతటితో సరిపోదు, అరెస్టు అవసరమనీ తేలాలి: మరో నేరం చేయకుండా ఆపడానికో, సరైన దర్యాప్తుకో, సాక్ష్యాలు చెరపకుండానో, సాక్షులను బెదిరించకుండానో, కోర్టుకు హాజరయ్యేలా చూడటానికో. అరెస్టు చేస్తే ఎందుకు చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో రాయాలి. అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. కొత్త చట్టం వచ్చినా స్టేషన్లలో, కోర్టు ఆవరణల్లో దీన్ని ఇప్పటికీ 41ఏ నోటీసు అనే అంటారు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది.

మూడోది, 7 ఏళ్లకు మించిన శిక్ష పడే నేరం. విశ్వసనీయ సమాచారం, దాని మీద నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు. పై అవసరాల జాబితా ఇక్కడ తప్పనిసరి షరతు కాదు.

కొత్త చట్టం ఒక రక్షణ చేర్చింది. మూడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో 60 ఏళ్లు దాటినవారిని, అనారోగ్యంతో అశక్తులైనవారిని అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి కావాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ డీఎస్పీ సబ్‌డివిజన్లే. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప స్త్రీలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. చేయవలసి వస్తే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

ఈ ప్రమాణానికి రూపమిచ్చిన తీర్పుల్లో 1994 నాటి జోగిందర్ కుమార్ మొదటి మెట్టు. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, ఆ అధికారాన్ని వాడటానికి సమర్థన ఉండటం వేరని అది విడదీసింది. 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పు అరెస్టు మెమో, సాక్షి సంతకం, బంధువులకు సమాచారం వంటి 11 సూచనలిచ్చింది. వాటిలో చాలావరకు ఇప్పుడు చట్టంలోకే వచ్చాయి. 2014 జూలై 2న ఆర్నేష్ కుమార్ తీర్పు వరకట్న వేధింపు కేసుల్లో యాంత్రికంగా జరుగుతున్న అరెస్టులను అడ్డుకుంటూ, అధికారి చెక్‌లిస్టు నింపాలని, రిమాండ్ ఇచ్చే మేజిస్ట్రేటు దాన్ని పరిశీలించాలని ఆదేశించింది. 7 ఏళ్లలోపు శిక్ష పడే ఇతర నేరాలకూ అది వర్తిస్తుంది. పాటించకపోతే కోర్టు ధిక్కారమే. 2022 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఈ కారణంతోనే హైదరాబాద్‌కు చెందిన నలుగురు పోలీసు అధికారులకు నాలుగు వారాల జైలుశిక్ష విధించి, అప్పీలుకు వీలుగా అమలును నిలిపి ఉంచింది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లోనూ యాంత్రిక అరెస్టులు కూడదని అదే కోర్టు 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది.

కారణాలు తెలపడం గురించిన చట్టం ఈమధ్య వేగంగా గట్టిపడింది. మనీలాండరింగ్ కేసుల్లో కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ తీర్పు చెప్పింది. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక (ఉపా) చట్టం కేసులకు దాన్ని 2024 మేలో ప్రబీర్ పురకాయస్థ తీర్పు విస్తరించింది. 2025 నవంబరు 6న మరో తీర్పు అన్ని నేరాలకూ వర్తింపజేస్తూ, నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని, అక్కడికక్కడ వీలుకాకపోతే నోటితో చెప్పి, రిమాండుకు కనీసం రెండు గంటల ముందు కాగితం అందించాలని పేర్కొంది. తెలుగో ఉర్దూయో మాత్రమే చదవగల నిందితుడి చేతిలో ఆంగ్ల కాగితం పెడితే ఇక షరతు నెరవేరదు.

అట్రాసిటీ కేసులు

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అరెస్టులకు పైఅధికారి అనుమతి, ప్రాథమిక విచారణ ఉండాలని 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఒక తీర్పులో షరతులు పెట్టింది. దేశవ్యాప్త నిరసనల తర్వాత అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి వాటిని తొలగించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. సవరణ అమల్లోకి వచ్చిన కొద్ది వారాలకే, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని పట్టపగలు హత్య చేశారు. ఈ చట్టం కింద కూడా నడిచిన ఆ కేసులో నల్లగొండ ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. 18ఏ సెక్షన్ అనుమతిని తీసేసింది గాని, అవసరమైతే అన్న షరతును మాత్రం అరెస్టు ముందు అలాగే ఉంచింది.

ఇంటి సోదా

ఇంటి సోదాకు రెండు దారులు. ఒకటి బీఎన్‌ఎస్‌ఎస్ 96వ సెక్షన్ కింద కోర్టు ఇచ్చే వారంటు. రెండోది 185వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారి వారంటు లేకుండా చేసేది. రెండో దారిలో కావలసిన వస్తువు అక్కడ ఉందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండాలి. అనవసర ఆలస్యం లేకుండా వేరే మార్గంలో అది దొరకదని అధికారి భావించాలి. ఆ ఆధారాలను, వెతుకుతున్న వస్తువును సోదాకు ముందే రాయాలి. ఆ నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు చేరాలి.

సోదా ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర, గౌరవనీయులైన వ్యక్తుల ఎదుట జరగాలి. పంచనామాలో వారి సంతకాలుండాలి, ఇంటివారికి దాని నకలివ్వాలి. గతంలో ఈ సాక్షులుగా, అంటే పంచులుగా, గ్రామ రెవెన్యూ అధికారులను (వీఆర్వోలను) పిలిచేవారు. 2020లో తెలంగాణ వీఆర్వో వ్యవస్థను రద్దు చేసింది. స్టేషన్ చుట్టూ తిరిగే ఒకే మనిషి అనేక కేసుల్లో పంచుగా రావడం డిఫెన్స్ న్యాయవాదులకు అందివచ్చే అస్త్రం. బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ సోదా, స్వాధీనం మొత్తాన్ని ఆడియో, వీడియోగా చిత్రీకరించడం తప్పనిసరి చేసింది. ఇందుకు ఈ-సాక్ష్య యాప్ ఉంది.

గంజాయి కేసులు

మాదకద్రవ్యాల చట్టం (1985) కింద శిక్షలు కఠినం, బెయిలు కష్టం. గంజాయి 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. శిక్ష ఎంత పెద్దదో సోదా ప్రమాణాన్నీ అంత కచ్చితంగా పాటించాలని కోర్టులు పట్టుబడతాయి.

ఇల్లు, గోదాము, సొంత వాహనం వంటి చోట్లకు 42వ సెక్షన్ వర్తిస్తుంది. ఇన్‌ఫార్మర్ ఇచ్చిన సమాచారాన్ని రాసుకోవాలి, నకలును 72 గంటల్లో పైఅధికారికి పంపాలి. రాత్రిపూట వారంటు లేకుండా వెళితే, వారంటు తెచ్చేలోపు సరుకు మాయమవుతుందన్న నమ్మకానికి ఆధారాలు కూడా రాయాలి. 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, సమంజసమైన వివరణతో కూడిన ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని పూర్తిగా పాటించకపోవడాన్ని మన్నించలేమని చెప్పింది. బహిరంగ స్థలాలకు 43వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ నమ్మడానికి తగిన కారణం చాలు, సమాచారాన్ని ముందే రాయాలన్న షరతు లేదు.

జాతీయ రహదారి మీద ఈ తేడాకు చాలా విలువుంది. ఆర్టీసీ బస్సు ప్రజారవాణా వాహనం కాబట్టి 43 కిందికి వస్తుంది. పక్కనే ఆగిన సొంత కారు రోడ్డు మీదున్నా బహిరంగ స్థలం కాదు, దానికి 42 వర్తిస్తుందని 2021 ఏప్రిల్‌లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి నిందితులను విడిచిపెట్టింది. ఆ కేసులో పట్టుబడింది రోడ్డు మీద నిలిపిన ప్రైవేటు జీపు.

ఒంటిమీద సోదాకు 50వ సెక్షన్ ఉంది. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ముందు సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి తప్పక చెప్పాలి. ఈ ప్రాంతంలో ఆ గెజిటెడ్ అధికారి తరచు తహసీల్దారే. 1999లో బల్‌దేవ్ సింగ్, 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసుల్లో రాజ్యాంగ ధర్మాసనాలు దీన్ని కచ్చితంగా పాటించాలని చెప్పాయి. చేతిలోని బ్యాగుకు మాత్రం 50వ సెక్షన్ వర్తించదు. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి.

రోడ్డు మీద, సరిహద్దు దగ్గర

లైసెన్సు, వాహన పత్రాలు చూపమనడానికి మోటారు వాహనాల చట్టం ఏ అనుమానాన్నీ కోరదు. శ్వాస పరీక్షకు మాత్రం డ్రైవరు తాగాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉండాలని 203వ సెక్షన్ అంటుంది. వరుసగా ప్రతి వాహనాన్నీ ఆపి గొట్టం ఊదించే పద్ధతి ఈ మాటతో ఎంతవరకు పొసగుతుందన్నది అడగదగిన ప్రశ్న. తాగి నడిపినవారి వాహనాన్ని, పక్కన మత్తులో లేని లైసెన్సుదారు ఉన్నా ఉంచేసుకోవడం కుదరదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో పేర్కొంది.

వస్తువును స్వాధీనం చేసుకోవడానికి కావలసిన ఆధారం తక్కువ. అది దొంగసొత్తన్న అనుమానం గాని, నేరం జరిగిందన్న అనుమానం కలిగించే పరిస్థితి గాని ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ 106వ సెక్షన్ కింద సరిపోతుంది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు రామాపురం, వాడపల్లి దారుల్లో 50 వేల రూపాయలు మించిన నగదుకు ఆధారం చూపమంటారు. మిల్లు ధాన్యం డబ్బు, పెళ్లి ఖర్చుల డబ్బు కూడా ఇందులో చిక్కుకుంటుంది. అలాంటివారు జిల్లా గ్రీవెన్స్ కమిటీని ఆశ్రయించవచ్చు. రేషన్ బియ్యం కేసుల్లో నిత్యావసర సరుకుల చట్టం (1955) 6ఏ సెక్షన్ కింద జప్తు నిర్ణయం కలెక్టరుది. అంతకుముందు యజమానికి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.

మద్యం విషయంలో సరిహద్దు దాటగానే చట్టమే మారుతుంది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇతర రాష్ట్రాల నుంచి మూడు సీసాల దాకా తెచ్చుకోవడం నేరం కాదంది. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం నిబంధనను మార్చింది. ఏది నేరమో మారితే, గరికపాడు దగ్గర పోలీసుకు కావలసిన అనుమానమూ మారుతుంది.

తనిఖీ చేసేవారికి ఉండే ముప్పు కూడా ఈ చర్చలో భాగమే. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తుండగా ఇద్దరు అనుమానితులు కాల్పులు జరిపి ఒక కానిస్టేబుల్‌ను, ఒక హోంగార్డును చంపారు. వారు ఖాండ్వా జైలు నుంచి పారిపోయిన నిషేధిత సిమి సంస్థ సభ్యులని తర్వాత పోలీసులు ప్రకటించారు. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరు అనుమానితులూ చనిపోయారు.

కార్డన్ సెర్చ్

తెల్లవారుజామున ఒక కాలనీని చుట్టుముట్టి ఇంటింటికీ తిరిగి, పత్రాలు లేని వాహనాలను స్వాధీనం చేసుకోవడం తెలంగాణ పట్టణాల్లో కార్డన్ సెర్చ్ పేరుతో మామూలైంది. దీన్నే కమ్యూనిటీ కాంటాక్ట్ కార్యక్రమమనీ అంటారు. బీఎన్‌ఎస్‌ఎస్ 185వ సెక్షన్ కోరేది ఫలానా నేరానికి సంబంధించిన ఫలానా వస్తువు ఫలానా చోట ఉందన్న నమ్మకం. ఒక బస్తీ మొత్తానికి అలాంటి నమ్మకాన్ని చూపడం కష్టం. ప్రజల సమ్మతితో జరుగుతున్నాయని పోలీసులు చెబుతారు. గుమ్మం ముందు పదిమంది పోలీసులు నిలబడి ఉండగా ఇచ్చే సమ్మతికి విలువెంతని హక్కుల సంఘాల వాదన. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి పేరుతో దారిన పోయేవారి ఫోన్లలో వాట్సాప్ సంభాషణలు చూసినప్పుడూ ఇలాంటి ప్రశ్నే లేచింది.

ఉల్లంఘన జరిగితే

అమెరికాలో అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని కోర్టు తోసిపుచ్చుతుంది. ఫెడరల్ కోర్టుల్లో 1914 నుంచి, రాష్ట్రాల కోర్టుల్లో 1961 నుంచి అక్కడ అదే నియమం. భారత్‌లో 1973 నాటి పూరన్‌మల్ తీర్పు ప్రకారం సోదా అక్రమమైనంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదు. మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ ఇందుకు ముఖ్యమైన మినహాయింపు. అరెస్టు విషయంలో ఫలితం వేరు. కారణాలు సక్రమంగా తెలపకపోతే అరెస్టు, రిమాండ్ రెండూ చెల్లవు, నిందితుణ్ని విడుదల చేయాలి.

ఆచరణలో పెద్ద సమస్య అరెస్టని రాయని నిర్బంధం. విచారణ పేరుతో స్టేషనుకు తీసుకెళ్లి మెమో, డైరీ ఏదీ లేకుండా కూర్చోబెడితే 24 గంటల లెక్కే మొదలు కాదు. 2021 నవంబరులో సూర్యాపేట జిల్లా ఆత్మకూర్(ఎస్) స్టేషనులో చోరీ అనుమానంతో తీసుకెళ్లిన గిరిజన యువకుణ్ని కొట్టారన్న ఆరోపణపై తండావాసులు ఆందోళన చేశారు. ఎస్సైపై శాఖాపరమైన చర్య తీసుకున్నారు. అదే ఏడాది జూన్‌లో పొరుగు జిల్లా అడ్డగూడూరు స్టేషనులో చోరీ కేసులో ప్రశ్నిస్తుండగా ఒక దళిత మహిళ మరణించింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచి తొలగించారు. స్టేషన్లన్నింటిలో సీసీ కెమెరాలు పెట్టాలన్న 2020 డిసెంబరు సుప్రీంకోర్టు ఆదేశం ఇలాంటి చోటనే పనికొస్తుంది.

బాధితుడికి, అతని ఇంటివారికి తెరిచి ఉన్న దారులు: అక్రమ నిర్బంధమైతే తెలంగాణ హైకోర్టులో హెబియస్ కార్పస్, రిమాండ్ వేళ మేజిస్ట్రేటుకు నేరుగా చెప్పుకోవడం, ఎస్పీకి ఫిర్యాదు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, ఆర్నేష్ కుమార్ ఉల్లంఘన అయితే ధిక్కార పిటిషన్. న్యాయవాదిని పెట్టుకోలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు. వీటిలో మొదట అందేది రిమాండ్ విచారణే. అరెస్టు మెమో, కారణాల పత్రం, చెక్‌లిస్టు మూడూ మేజిస్ట్రేటు ముందు ఉండవలసింది అక్కడే. వాటిలో ఏది లేకపోయినా మొదటి గంటలోనే అడగాలి. ఆ రోజు అడగకుండా వదిలేసిన లోపాన్ని నెలల తర్వాత వాదించి గెలవడం కష్టం.